కొట్టివేసిన పద్దులు

మన కార్మికోద్యమ చరిత్రల్లో కూలిరేట్ల లెక్కలు, కరువుభత్యాల లెక్కలు, సమ్మె రోజుల లెక్కలు పుష్కలంగా దొరుకుతాయి. ఏ మిల్లులో ఏ సంవత్సరం ఎంత పెంచమన్నారు, యాజమాన్యం ఎంత విదిలించింది, లాఠీ ఎక్కడ విరిగింది - ఇవన్నీ రాసుకున్నాం. రాసుకోవలసిందే. అయితే అలా పోరాడి పెంచుకున్న రూపాయి కార్మికుడి జేబులోంచి ఇంట్లోకి వెళ్ళాక ఏమయింది? అది బియ్యంగా, చింతపండుగా, కిరసనాయిలుగా ఎలా మారింది? ఎవరు మార్చారు? ఈ ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి మన చరిత్ర గడప బయటే చెప్పులు విడిచి నిలబడిపోతుంది. తాజమహలు కట్టిన శ్రమజీవుల సంగతేమిటని అడిగి శ్రీశ్రీ మన కళ్ళు తెరిపించాడు. ఆ శ్రమజీవుల ఇళ్ళల్లో పొయ్యి వెలిగించినవాళ్ళ సంగతి అడగటం ఇంకా మిగిలే ఉంది.

చాలని డబ్బుతో ఇల్లు నడపటాన్ని మనం ఇల్లాలి సుగుణంగా పొగుడుతూ వచ్చాం. నా దృష్టిలో అది సుగుణం కాదు. జీతంలో యజమాని ఇవ్వకుండా మిగుల్చుకున్న భాగాన్ని ఆమె తన శ్రమతో, చివరకు తన కంచంలోంచి తీసి పూడ్చటం. ఇది ఏ ఒక్క ఇంట్లోనో ఏ గయ్యాళి అత్తగారివల్లో జరిగిన అన్యాయం కూడా కాదు. ప్రభుత్వ లెక్కల్లోనే దీనికి ఒక అంకె ఉంది. ఆ అంకె సంగతి తర్వాత చెబుతాను. ముందు చీటీ సంగతి.

నెల మొదట్లో కొట్టుకి పంపే పచారీ చీటీ చరిత్రకారుడికి పనికొచ్చే పత్రమని మనవాళ్ళు గుర్తించినట్టు లేదు. ఆ చీటీ పసుపుతో మొదలవుతుంది. అది శుభం కోసం. ఇంట్లో పసుపు నిండుగా ఉన్నా చీటీమీద మొదటి మాట పసుపే. తర్వాత బియ్యం, కందిపప్పు, చింతపండు, మిరపకాయలు, ఉప్పు, నూనె, బెల్లం, సబ్బు, అగ్గిపెట్టెలు. మా అమ్మ చెబుతుంటే చాలా ఏళ్ళు నేనే రాసేవాణ్ణి. రాయటం అయిదు నిమిషాల పని. అసలు పని ఆ తర్వాత మొదలయ్యేది. మొత్తం కట్టి చూసుకుని, ఉన్న డబ్బు తలుచుకుని, ఒక్కొక్క పద్దే కొట్టెయ్యటం. ముందు పెసరపప్పు పోయేది. తర్వాత కాఫీపొడి సగమయ్యేది. వేరుశనగగుళ్ళు పోయేవి. నూనె తగ్గేది. ఒంటిసబ్బు పోయి బట్టలసబ్బు నిలిచేది. బియ్యం మాత్రం చెక్కుచెదిరేది కాదు. ఉప్పు, చింతపండు, మిరపకాయలు నిలబడేవి. పప్పు లేని రోజున చారూ, కారం మెతుకులూ ఉండాలి గదా.

ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల పట్టికలు ముందేసుకుని 1857లో ఒక సూత్రం తేల్చాడు: కుటుంబం ఎంత పేదదయితే దాని ఖర్చులో తిండి వాటా అంత పెద్దది. (మార్క్స్ మిత్రుడు ఎంగెల్స్ వేరు, ఈయన వేరు.) అర్థశాస్త్రంలో స్థిరంగా నిలిచిన కొద్ది సూత్రాల్లో ఇదొకటి. మన దేశంలో 2022-23 గృహ వినియోగ సర్వేలో కూడా తిండి వాటా పల్లెల్లో దాదాపు 46 శాతం, పట్టణాల్లో 39 శాతం. అయితే ఎంగెల్ పట్టిక చూపించేది మిగిలిన పద్దుల్ని. కొట్టివేసిన పద్దులు అందులో కనిపించవు. ఏది ముందు పోయింది, ఎవరికి ఇష్టమైనది ముందు పోయింది, ఎవరి మందు వచ్చే నెలకి వాయిదా పడింది - ఇదంతా చీటీమీద అడ్డగీతల్లోనే ఉంటుంది. బొంబాయి లేబర్ ఆఫీసు తరఫున ఫిండ్లే షిర్రాస్ 1921-22లో కార్మిక కుటుంబాల ఆదాయవ్యయాలు సేకరించి 1923లో నివేదిక అచ్చువేశాడు. ఆ తరవాత ఇలాంటి విచారణలు చాలా జరిగాయి. అన్నీ కొన్నవాటినే లెక్కపెట్టాయి. కొనలేకపోయినవాటికి గడి లేదు.

నెల చీటీ రాసుకోగలగటం కూడా ఒక అంతస్తే అని మరవకూడదు. నెలజీతం ఉన్నవాళ్ళకే నెల చీటీ. అంతకంటే పై మెట్టువాళ్ళు మాఘఫాల్గుణాల్లో కొత్త చింతపండు, ఎండాకాలంలో మిరపకాయలు, కోతల తరవాత బియ్యం ఏడాదికి సరిపడా కొని గాదెలకీ జాడీలకీ ఎత్తుకునేవాళ్ళు. పంట చేతికొచ్చి ధర పడిపోయినప్పుడు కొనటం పొదుపు అని అందరికీ తెలుసు. కానీ ఆ పొదుపు చెయ్యటానికి ముందు పెట్టుబడి కావాలి. రోజుకూలీ ఇంటి ఆడమనిషి సాయంత్రం కూలి చేతిలో పడ్డాక కొట్టుకి వెళ్ళేది. సోలెడు బియ్యం, గిద్దెడు నూనె, పొట్లం కారం, పొట్లం చింతపండు. తక్కువ కొన్నవాళ్ళకి ధర ఎక్కువ. తూకంలో పోయే ఆ మాత్రం ఈ మాత్రం ప్రతిరోజూ పోతుంది. ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతుల గురించి రాస్తూ ఇదే గమనించాడు. కార్మికులకి శనివారం సాయంత్రం కూలి ముడుతుంది. వాళ్ళు బజారుకి చేరేసరికి మంచి సరుకు మధ్యతరగతివాళ్ళు ముందే ఎత్తుకుపోయి ఉంటారు. వాడిపోయిన కూరలూ పాచిపోయిన మాంసమూ వీళ్ళకి మిగులుతాయి. సంతలో పొద్దువాలాక, మిగిలిన వంకాయలు కుప్పపోసి అమ్మేటప్పుడు, ఆ కుప్పల చుట్టూ మూగే మన ఆడవాళ్ళని చూసినవారికి మాంచెస్టరు మరీ దూరం కాదు.

కొలతల చరిత్ర ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం - ఇవి గింజల్ని కొలిచే పాత్రలు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. తూకానికి పలం, వీశె, మణుగు. పలానికి మూడు తులాలు, వీశెకి నలభై పలాలు. ఇప్పటి లెక్కలో వీశె దాదాపు 1.4 కిలోలు. అయిదు పలాలు ఏబలం, పది పలాలు పదలం. పేరు ఒకటే అయినా మానిక ఊరికొక తీరుగా ఉండేది. తీసుకునేటప్పటి కుంచం వేరు, ఇచ్చేటప్పటి కుంచం వేరు అన్న ఆరోపణ పల్లెల్లో పాతదే. అడుగున లొత్తపడ్డ సోల, చేత్తో తల కొట్టటమా గోపురం పొయ్యటమా అనే తగవు - ఇవి హాస్యకథల్లో వచ్చే సంగతులు కావు; గుప్పెడు బియ్యం ఎవరివనే తగవులు. 1956 చట్టంతో మెట్రిక్ తూనికలు వచ్చాయి. 1958 అక్టోబరులో మొదలై 1962 నాటికి దేశమంతా తప్పనిసరి అయ్యాయి. నిస్సందేహంగా అది మంచి పని. ముద్రవేసిన కిలోరాయి ముందు పెద్ద దొరైనా కూలి ఆడమనిషైనా ఒకటే, కనీసం కాగితంమీద.

డబ్బు మార్పిడిలో మాత్రం ఒక చిన్న సంగతి జరిగింది. చిన్నదే, కానీ నాకు చాలా చెప్పినట్టనిపిస్తుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకి 4 కాణులు, 12 దమ్మిడీలు. అంటే అణా 6.25 నయాపైసలు. పావుపైసా లేదు కాబట్టి మార్పిడి పట్టికలో అణాకి 6 అన్నారు. అర్ధణా 3.125, దానికి 3 అన్నారు. కాణీ 1.5625; దగ్గరి అంకెకి సర్ది 2 అన్నారు. ఇప్పుడు లెక్క చూడండి. అణా పెట్టి ఒకేసారి కొన్నవాడికి 6 నయాపైసలు. అదే సరుకు కాణీ చొప్పున నాలుగుసార్లు కొన్నవాళ్ళకి ఆ పట్టిక ప్రకారం 8. మూడోవంతు ఎక్కువ! ఇందులో ఎవరి కుట్రా లేదు. దగ్గరి అంకెకి సర్దటం గణితంలో న్యాయమే. కాణీ బేరాలు ఎవరు చేస్తారు అన్నది మాత్రం గణితం అడగదు. తెలంగాణలో ఈ తికమక ఇంకా పాతది. అక్కడ నిజాం హాలీ సిక్కా వేరు, ఇంగ్లీషు కల్దారు వేరు. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దారు రూపాయలు. సరిహద్దు దాటి సంతకొచ్చిన మనిషి నోట్లోనే ఈ లెక్క చేసుకోవాలి.

ఇక ఖాతా. పేదవాడి బజారు సంగతి మాట్లాడుతూ ఖాతా సంగతి ఎత్తనివాళ్ళు బజారు ఎరగనివాళ్ళు. పాలమనిషి లెక్క గోడమీద బొగ్గు గీతల్లో ఉండేది, కొట్టులెక్క పొడుగాటి ఎర్రట్ట పుస్తకంలో. 'ఈ రోజు నగదు, రేపు అరువు' అని కొట్లో పలక వేలాడుతూనే ఉంటుంది. దానికిందే అరువు పద్దులు రాస్తూనే ఉంటారు. భారత కార్మికులపై విట్లీ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో, చాలా పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండు వంతులకి తక్కువ కాకుండా కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని తేల్చింది. ఎక్కువమంది అప్పు మూడు నెలల జీతానికి మించి ఉందని కూడా చెప్పింది. ఖాతా ఉన్న ఇల్లాలికి బేరమాడే హక్కు ఉండదు. పప్పులో మట్టిబెడ్డలున్నాయి శెట్టిగారూ అంటే పాత బాకీ సంగతి గుర్తుచేస్తారు. పక్కవీధిలో బస్తాకి చవగ్గా దొరుకుతున్నా అక్కడికి వెళ్ళటానికి చేతిలో రొక్కం లేదు. కొట్టు యజమాని దుర్మార్గుడై ఉండనక్కరలేదు. సమ్మెకాలంలో నెలల తరబడి అరువిచ్చి కార్మికుల్ని నిలబెట్టిన చిన్నకొట్ల వాళ్ళూ ఉన్నారు. ఆ మేలుకీ ఈ బిగింపుకీ ఆధారం ఒకటే పుస్తకం.

దీనికి విరుగుడుగా మన పెద్దలు సహకార దుకాణాలు పెట్టమన్నారు. ఇంగ్లండులో రాచ్‌డేల్ నేతకార్మికులు 1844 డిసెంబరులో పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులతో కొట్టు తెరిచి ప్రపంచానికి దారి చూపించారు. మద్రాసులో 1904లో ట్రిప్లికేన్ సహకార సంఘం వచ్చింది. మన పట్టణాల్లో సహకార భాండారాలు వచ్చాయి, కొన్ని బాగానే నడిచాయి. అయితే రాచ్‌డేల్ సూత్రాల్లో ఒకటి రొక్కం బేరం. సంఘం నిలవాలంటే అది అవసరమే. కానీ ఆ ఒక్క నియమంతో రోజుకూలీ ఇల్లాలు గుమ్మం బయటే ఆగిపోయింది. సహకారోద్యమం ఎందుకు గుమాస్తాల, ఉపాధ్యాయుల ఉద్యమంగానే ఉండిపోయిందంటే నేను చెప్పే మొదటి కారణం ఇదే. వాటా కట్టటానికి ముందుగా పాత ఖాతా తీరాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఇంటి లెక్కలోకి ప్రభుత్వం నేరుగా వచ్చింది. 1943లో, సుమారు ముప్ఫై లక్షలమందిని పొట్టనబెట్టుకున్న బెంగాల్ కరువు సాగుతుండగా ఆహారధాన్యాల విధాన సంఘం రేషను పెట్టమంది. పెద్ద మనిషికి రోజుకి పౌను ధాన్యం అంది. 1946కి వచ్చేసరికి అది 12 ఔన్సులకి దిగింది. పన్నెండు ఔన్సులంటే 340 గ్రాములు. బియ్యమైతే సుమారు 1200 కేలరీలు. నిజాం రాష్ట్రంలో అదే కాలంలో లెవీ ధాన్యం పేరుతో చిన్నరైతు గాదె ఊడ్చారు. పండించినవాళ్ళే తర్వాత ఎక్కువ ధరకి తిండిగింజలు కొనుక్కోవలసి వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటానికి వెట్టి, భూమి ఎంత కారణాలో లెవీ కూడా అంత కారణం. ఆ పోరాటంలో స్త్రీలు చెప్పిన మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు దళాలకి అన్నం ఎక్కడినుంచి వచ్చిందనే సంగతి మొదటిసారి కొంత తెలిసింది. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1952లో కంట్రోలు ఎత్తేశాడు. 1965, 66 వరస కరువుల్లో అమెరికా గోధుమా, మైలో అనే ఎర్రజొన్నా దేశంలో చాలాచోట్ల రేషను షాపుల్లోకి వచ్చాయి. ఓడలెక్కి వచ్చిన గింజలు, రాళ్ళు కలిసిన బియ్యం - ఏది వచ్చినా చేటలో పోసి చెరిగి, గాలించి, ఏరి, ఇంటిల్లిపాదీ తినేటట్టు చేసిన చాకిరీ ఎవరిది? ప్రభుత్వం సరఫరా చేసింది ధాన్యాన్ని. దాన్ని అన్నంగా మార్చే శ్రమని ఏ రేషను కార్డుమీదా రాయలేదు.

ఇప్పుడు ఆ అంకె సంగతి.

1957 జూలైలో ఢిల్లీలో పదిహేనో భారత కార్మిక మహాసభ జరిగింది. గుల్జారీలాల్ నందా కార్మికమంత్రి. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు మూడుపక్షాలూ కూర్చుని కనీసవేతనం అవసరాల ఆధారంగా ఉండాలని ఒప్పుకున్నాయి. కార్మికోద్యమానికి అది నిజమైన విజయం. దాన్ని తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు. ఆహారానికి కొలబద్ద డాక్టర్ ఎక్రాయిడ్‌ది. ఆయన 1935 నుంచి 1945 వరకు కూనూరు పోషకాహార ప్రయోగశాల అధిపతి, బెంగాల్ కరువుమీద వేసిన విచారణ సంఘంలో సభ్యుడు. మన తిండిగింజల పోషక విలువల పట్టిక తయారుచేసినవాడు. యూనిట్‌కి రోజుకి 2700 కేలరీలు. బట్టకి మనిషికి ఏడాదికి 18 గజాలు, నలుగురికి 72. ఇంధనం, దీపం, ఇతర ఖర్చులకి మొత్తంలో 20 శాతం. సరే, కుటుంబమంటే ఎంత? ఒక్క సంపాదనపరుడికి మూడు వినియోగ యూనిట్లు. నలుగురు మనుషులు మూడు యూనిట్లెలా అయ్యారు? అమల్లో ఉన్న లెక్క ఇది: మగవాడు 1, ఆడమనిషి 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6. స్త్రీల, పిల్లల సంపాదనని లెక్కలోకి తీసుకోరాదని కూడా ఆ తీర్మానంలోనే ఉంది.

ఆ చివరి నిబంధన కార్మికుడికి మేలు చేసేదే. అది లేకపోతే 'నీ భార్య కూడా పనికి పోతుందిగా' అని యజమాని జీతం కోస్తాడు. కానీ అందులో ఇంకో అర్థం ఉంది. ఆమె సంపాదిస్తే లెక్కలో లేదు. ఆమె వండితే, రుబ్బితే, దంపితే, నీళ్ళు మోస్తే అసలే లెక్కలో లేదు. తినేటప్పుడు మాత్రం లెక్కలో ఉంది, అదీ పదింట ఎనిమిది వంతులు. శరీరశాస్త్రం ప్రకారం ఆడమనిషి బరువు తక్కువ, అందుకని అవసరం తక్కువ అంటారు. బరువు సంగతి ఒప్పుకుందాం. గర్భిణి మాటేమిటి? చంటిబిడ్డకి పాలిచ్చే తల్లి మాటేమిటి? నడుంవంచి నాట్లేసి, ఇంటికొచ్చి రోకలి పట్టుకునే మనిషి మాటేమిటి? మూడు అనే గుండ్రని అంకె రావాలంటే ఎవరో ఒకరు సర్దుకోవాలి. కాణీని దగ్గరి అంకెకి సర్దినట్టే ఇక్కడా సర్దారు. కాకపోతే ఈసారి కిందికి.

పైగా ఆ మూడు యూనిట్ల జీతమైనా ఎక్కడిచ్చారు? జగన్నాథదాస్ అధ్యక్షతన వేసిన రెండో పే కమిషన్ 1959లో, ఆ కొలబద్ద ప్రకారం ఇవ్వటం దేశం తాహతుకి మించిందని తోసిపుచ్చి కనిష్ఠ వేతనం 80 రూపాయలంది. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు సమ్మె చేశారు. ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి అణిచేసింది. దేశం తాహతుకి మించిందేదో అది ఇంటి తాహతుకి ఎలా సరిపోయింది? కమిషన్ ఇవ్వలేనన్న మిగతా భాగం ఎక్కడినుంచి వచ్చింది? కార్మికుడు చావలేదు, మర్నాడు పనికి వెళ్ళాడు, పిల్లలు పెరిగారు. శ్రమశక్తి విలువలో చారిత్రక, నైతిక అంశం ఒకటుంటుందని మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో అన్నాడు. మన దేశంలో ఆ నైతిక అంశానికి పతివ్రతా ధర్మమని పేరు. అందరికీ వడ్డించాక అడుగున ఏముంటే అది, ఏమీ లేకపోతే గంజి, చద్దన్నం, ఉల్లిపాయ. ఇలా తినటాన్ని ఆమె త్యాగమని కూడా అనుకోలేదు, అలవాటనుకుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత. అదే వయసు మగవాళ్ళలో 25 శాతం. ఒకే ఇంట్లో, ఒకే చీటీ సరుకులమీద బతుకుతున్నవాళ్ళే వీళ్ళిద్దరూ. రక్తహీనతకి కాన్పులు, బహిష్టులు, నులిపురుగులు లాంటి కారణాలు కూడా ఉన్నాయి. కానీ కంచం కథ అందులో లేదని ఏ డాక్టరూ అనడు.

శ్రమ సంగతి కూడా అంతే. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తుంటే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారు. ఒక బజారు దూరం నడిచి అర్ధరూపాయి మిగల్చటం, చవక బియ్యం తెచ్చి గంటసేపు రాళ్ళేరటం - 'పొదుపు' అన్నదాంట్లో చాలాభాగం ఇలా డబ్బుకి బదులు గంటలు చెల్లించటమే.

ఈ పొదుపుకి మన పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఎంత పూజ చేశాయో! 1928లో మద్రాసులో కె.ఎన్. కేసరి పెట్టిన 'గృహలక్ష్మి' పేరే చాలు. డబ్బుకీ ఇల్లాలికీ ముడి అక్కడే పడింది. ఆ పత్రిక స్త్రీల చదువుకీ, ఆరోగ్యానికీ చేసిన సేవ తక్కువది కాదు. కానీ ఆ కాలంనుంచి ఈ కాలందాకా స్త్రీల శీర్షికల్లో నడిచిన బోధ ఒకటే: ఆదాయం ఎంత ఉన్నా నేర్పుంటే సరిపోతుంది. సరిపోకపోతే? నేర్పు లేదన్నమాట. తప్పు జీతంనుంచి ఇల్లాలిమీదికి ఎంత సులువుగా జారిపోయిందో గమనించండి. అభ్యుదయ సాహిత్యం కూడా ఇందులో పూర్తిగా నిర్దోషి కాదు. కార్మికుడి భార్యని మనం కథల్లో చిరుగుల చీరతో, కన్నీళ్ళతో నిలబెట్టాం. నోటిలెక్కలతో, బేరాలతో, ఎత్తుగడలతో నెల గడిపే బుద్ధిశాలిగా నిలబెట్టింది తక్కువ.

ఆ నేర్పే రోడ్డుమీదికొస్తే ఏమవుతుందో బొంబాయి చూసింది. 1972 కరువు సంవత్సరంలో మృణాల్ గోరే, అహల్యా రంగణేకర్ మొదలైనవారి నాయకత్వాన వేర్వేరు పార్టీల స్త్రీలు కలిసి ధరల వ్యతిరేక సంఘం పెట్టుకున్నారు. కంచాలు మోగిస్తూ, చపాతీకర్రలు ఎత్తుకుని వేల సంఖ్యలో ఊరేగారు. అడిగింది నూనె, చక్కెర, కిరసనాయిలు. వాళ్ళకి గణాంకాలు ఎవరూ చెప్పనక్కరలేదు. చీటీ కొట్టివేతలు వాళ్ళ చేతివేళ్ళమీద ఉన్నాయి. యూనియన్లు కరువుభత్యం అడిగేది గడిచిన ధరల సూచికనిబట్టి. వీళ్ళు నిలదీసింది ఆ ధరనే. ఈ తేడాని మన ఉద్యమ నాయకత్వం అప్పుడు సరిగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

మన రాష్ట్రంలో ఆ ఘట్టం మరో రూపంలో వచ్చింది. 1983 ఏప్రిల్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. మనిషికి అయిదు కిలోలు, కుటుంబానికి 25 కిలోలకి మించకుండా. దీన్ని వోట్ల ఎత్తుగడ అన్నవాళ్ళున్నారు. ఎత్తుగడే కావచ్చు. కానీ జొన్న, రాగి తినే ఇళ్ళల్లోకి వరన్నం వచ్చింది, ఖాతాలో అతిపెద్ద పద్దు తగ్గింది. (జొన్న పండించే మెట్టరైతు సంగతి ఏమయిందనేది వేరే వ్యాసం.) అదే దశాబ్దంలో అదే ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారా పొట్లాలు పల్లెపల్లెకీ చేర్చింది. కుడిచేత్తో బియ్యంమీద మిగిల్చింది ఎడంచేత్తో సారామీద లాక్కుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుంచి లేచిన ఉద్యమాన్ని సంస్కరణోద్యమంగా, మద్యపానం పాపమన్న ఉద్యమంగా చెప్పినవాళ్ళు దాని లెక్కని చదవలేదు. అక్షరాస్యత తరగతుల్లో రాత నేర్చుకున్న ఆడవాళ్ళు చేసిన మొదటి పెద్ద కూడిక అది. కూలి ఎంత, సారా ఎంత, ఇంటికి చేరిందెంత. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. 1996లోనే బియ్యం ధర మూడున్నరకి పెంచారు. ఈ రెండు నిర్ణయాలూ పక్కపక్కన వచ్చాయి. పల్లెల్లో వాటిని ఒకే లెక్కగా చదువుకున్నారు.

ఉద్యమంలో ఒకటైన స్త్రీల చేతికి ప్రభుత్వం ఆ తర్వాత ఇచ్చింది పొదుపు పుస్తకం. నెల్లూరులోనే 'పొదుపులక్ష్మి' మొదలైంది, రోజుకి రూపాయి. అన్నం పొయ్యిమీద పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి పక్కనపెట్టే పాత అలవాటుకి ఇది కొత్త రూపు. ఆ సంఘాలవల్ల స్త్రీలు బ్యాంకు గుమ్మం ఎక్కారు, వడ్డీవ్యాపారిని కొంత తప్పించుకున్నారు, ఇది కాదనలేం. కానీ సారా ధరనీ కూలిధరనీ ప్రశ్నించిన చేతుల్ని మళ్ళీ పిడికెట్లోంచి మిగల్చమన్నారు. 2010 నాటికి సూక్ష్మరుణ కంపెనీల వారం వారం వసూళ్ళ ఆగడం భరించరానిదై, ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వమే ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఎర్రట్ట ఖాతా పోయి వాయిదాల కార్డు వచ్చింది, అంతే.

2013 ఆహారభద్రతా చట్టం రేషను కార్డు విషయంలో పద్దెనిమిదేళ్ళు దాటిన పెద్ద స్త్రీనే ఇంటి యజమానురాలంది. మనిషికి నెలకి అయిదు కిలోలు. ఆడ, మగ, పిల్ల, పెద్ద అందరికీ ఒకే అయిదు కిలోలు, ఇక్కడ 0.8 లేదు. ఆ చట్టంలో నాకు బాగా నచ్చింది ఇదే. 2023 జనవరినుంచి ఆ బియ్యానికి డబ్బు కూడా లేదు. కార్డుమీద ఆమె యజమానురాలు. వేతనం లెక్కలో మాత్రం ఇంకా పాత మనిషే.

2019లో అనూప్ శత్పథి అధ్యక్షతన కేంద్రం వేసిన నిపుణుల సంఘం కుటుంబాన్ని మూడు యూనిట్లుగా కాక 3.6 యూనిట్లుగా లెక్కించాలంది. 2018 జూలై ధరల్లో రోజుకి 375 రూపాయలు జాతీయ కనీసవేతనంగా ఉండాలంది. కేలరీలు తగ్గించి 2400 చేసినా, మాంసకృత్తులు 50 గ్రాములు, కొవ్వు 30 గ్రాములు అని విడిగా చెప్పింది. అంటే మా అమ్మ చీటీలో ముందు కొట్టేసిన పప్పూ నూనే వేతనం లెక్కలో విడిగా కనిపించాయి. ప్రభుత్వం ఆ సిఫారసు అమలు చెయ్యలేదు. 2020 జూలైలో వేతనాల కోడ్‌కి ప్రచురించిన ముసాయిదా నిబంధనల్లో బట్టకొలతని గజాలనుంచి మీటర్లలోకి మార్చారు: 72 గజాలు, 66 మీటర్లు. కుటుంబం మాత్రం 1957లో ఉన్నట్టే మూడు యూనిట్లు.